పిల్లకాయలకు బటన్లు నేర్పితే చాలునా?

ఇంజనీరింగ్ చదివే మన పిల్లకాయలకు విద్యానిధి నుంచి సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ కోర్సు కట్టించాలనే ప్రతిపాదన గ్రూపులో చూసే ఉంటారు. ఒక శిక్షణ సంస్థకు తలకు ఇంత అని ఫీజు, చివర సర్టిఫికెట్. రైల్వేలో రిటైరై సంఘానికి వచ్చిపోయే మేము నలుగురం దీనికి ఒప్పుకోము. కారణం చెబుతాము, ఓపిగ్గా చదవండి.

ముందు ఈ సాఫ్ట్‌వేర్ చేసే పని చూద్దాం. పెరంబూరు ఐసీఎఫ్ పెట్టెల కింద బోగీలో స్ప్రింగులు, నూనె పోసిన డ్యాష్‌పాట్లు ఉంటాయి. జనం కిక్కిరిసి ఎక్కితే, పట్టా ఎగుడుదిగుడైతే పెట్టె ఎంత ఊగుతుంది, ఎంతలో సర్దుకుంటుంది? ఇనుము కోసేదానికి ముందే దీన్ని లెక్కలో చూసుకోవడమే సిమ్యులేషన్. బరువెంత, స్ప్రింగు గట్టిదనమెంత అని మనం చెప్పాలి. పెట్టె ఎలా కదులుతుందో కంప్యూటరు గీసి చూపిస్తుంది.

దీనికి మ్యాట్‌లాబ్, ఆన్సిస్ వంటివే దిక్కు అనుకొంటారు. అవి మంచివే, ధర మాత్రం మనబోటివాళ్లకు అందేది కాదు. అందుకే దొంగ కాపీలు చేతులు మారుతుంటాయి. కానీ ఫ్రాన్సులో పుట్టిన సైలాబ్ ఉచితం. స్వీడన్‌లో లిన్‌షోపింగ్ విశ్వవిద్యాలయంలో పెరిగిన ఓపెన్‌మోడెలికా కూడా ఉచితమే. ఈ రెండోది మాబోటి గుమాస్తాలకు తొందరగా అర్థమవుతుంది. స్ప్రింగుకు దాని సమీకరణం, బరువుకు దాని సమీకరణం రాసి రెండింటినీ కలిపితే చాలు, ఏది ముందు తేల్చాలో అదే చూసుకుంటుంది. కలిపిన చోట బలాలన్నీ కూడితే సున్నా రావాలి. కరెంటు తీగలైనా అంతే, వచ్చిందీ పోయిందీ సరిపోవాలి. సాయంకాలం క్యాష్ బుక్ ట్యాలీ చేసినట్టే.

పిల్లకాయలకు రావలసింది ఈ తెలివి. ఏ మెనూలో ఏ బటన్ ఉందో ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. 1991 ఆగస్టు 23న నార్వేలో స్లైప్నర్ ఎ అనే చమురు వేదికకు కట్టిన కాంక్రీటు అడుగుభాగం నీళ్లలో మునిగిపోయింది. గోడలు కలిసే చోట కోత ఒత్తిడిని కంప్యూటరు లెక్క 47 శాతం తక్కువ చూపించిందని విచారణలో తేలింది. లెక్క కోసం గోడను ముక్కలుగా విడగొట్టిన తీరు ఆ చోటికి సరిపోలేదు. గోడ పలచనైంది, పగిలింది. తెరమీద రంగుల బొమ్మ బాగానే వచ్చి ఉంటుంది!

ఇక భాష సంగతి. మేము తమిళ మీడియంలో చదివినవాళ్లం, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కొన్నాము. 2006 తమిళ చట్టం తరువాత మన పిల్లకాయలకు బళ్లో తెలుగు ఇంకా దూరమైంది. చదవలేరు, కానీ ఇంట్లో అమ్మమ్మ మాట వింటారు. ఐఐటీ బొంబాయి వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు ఇలాంటివాళ్లకే చేసినట్టుంటాయి. తెరమీద ఇంగ్లీషు ఉంటుంది, మాట మాత్రం భారతీయ భాషల్లో, తెలుగులో కూడా వినవచ్చు. ఒక్కొక్కటి పది నిమిషాలు, పైసా ఖర్చులేదు. అన్ని పాఠాలూ తెలుగులో లేవు. లేనివాటికి తమిళం ఉందేమో చూద్దాం, మనకు అదీ ఇంటి భాషే కదా.

ఉద్యోగానికి పోతే ఆన్సిస్ తెలుసా అని అడుగుతారు, సైలాబ్ అడగరు అని మన కార్యదర్శి గారు అన్నారు. నిజమే. ఆన్సిస్ వాళ్లే విద్యార్థులకు ఉచితంగా ఒక కూర్పు ఇస్తారు, పెద్ద లెక్కలకు హద్దు పెట్టి. నేర్చుకొనేదానికి అది చాలు. దానికి శిక్షణ సంస్థకు ఫీజు ఎందుకండీ?

మేము అడిగేది ఇంతే. ఆ డబ్బుతో సంఘం హాలులో రెండు కంప్యూటర్లు, నాలుగు హెడ్‌ఫోన్లు పెట్టండి. ఆదివారం పొద్దున తాళం తీసి కూర్చునే పని మేము చూసుకుంటాము. మన సభ్యుల్లో రిటైరైన ఇంజనీర్లు ఎవరైనా నెలకు ఒక్కసారి వచ్చి, పిల్లకాయలు చేసిన లెక్క కాగితంమీద కూడా సరిపోతుందా అని అడిగితే చాలు. వచ్చేవాళ్లు కింద పేరు రాయండి.