పువ్వు పుట్టగానే పరిమళించాలా?

మామూలుగా ఏటా జూన్ నెలాఖర్లో ఎన్బీయే డ్రాఫ్ట్ జరుగుతుంది. పద్ధెనిమిది, పంతొమ్మిదేళ్ళ కుర్రాడు స్టేజీ ఎక్కి, కొత్త టీము టోపీ పెట్టుకుని కమిషనర్‌తో చెయ్యి కలుపుతాడు. అంతే, ఆ క్షణం నుంచి వాడి జాతకం చెప్పడం మొదలు. ఒకడు "వీడు మన టీముని పదేళ్ళు మోస్తాడు" అంటాడు, ఇంకోడు "బస్టు, రాసిపెట్టుకో" అంటాడు. వాడింకా ఒక్క ఆట ఆడలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు :)

డాలస్‌లోనో బే ఏరియాలోనో చాలా ఏళ్ళుగా ఉంటున్న మనవాళ్ళలో ఈ పిచ్చి పట్టినవాళ్ళు తక్కువేం కాదు. క్రికెట్ తర్వాత లంచ్ టేబుల్ దగ్గర గొంతులు లేచేది దీనికే. వాదించుకోవద్దని నేననను. వాదన లేకపోతే ఆట చూడ్డంలో సగం సరదా పోతుంది. నా గొడవల్లా "పొటెన్షియల్" అనే మాట గురించి. ఆ మాట మనం ఎంత తేలిగ్గా వాడేస్తామో చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

ఎక్కువ తన్నుకునేది పవర్ ఫార్వర్డ్ గురించే. ఆట ఫాలో అవ్వనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. ఒకప్పుడు పవర్ ఫార్వర్డ్ అంటే బుట్ట దగ్గర నిలబడి, మోచేతులతో తోసుకుంటూ రీబౌండ్లు పట్టే భారీ మనిషి. ఇప్పుడు అతనే బయటికొచ్చి మూడు పాయింట్ల షాట్లు వెయ్యాలి, బంతి పట్టుకుని పరిగెత్తాలి, అవసరమైతే చిన్నవాళ్ళని కూడా కాయాలి. ఉద్యోగం పేరు అదే, పనులే మారిపోయాయి. మన ఫీల్డులో ఇది కొత్తేం కాదనుకోండి. పని మారుతున్న చోట మనిషిని అంచనా వెయ్యడం మరీ కష్టం.

2013 సంగతి తీసుకుందాం. క్లీవ్‌లాండ్ మొట్టమొదటి పిక్‌తో ఆంటొనీ బెనెట్ అనే పవర్ ఫార్వర్డ్‌ని తీసుకుంది. కెనడా వాడు. ఆ దేశం నుంచి మొదటి పిక్‌గా వెళ్ళిన మొదటివాడు కూడా అతనే. అప్పటికి ఇరవయ్యేళ్ళు. డ్రాఫ్ట్‌కి ముందే భుజానికి ఆపరేషన్ అయింది, అందుకని సమ్మర్ లీగ్ ఆడలేదు. సీజన్ మొదలయ్యాక మొదటి నాలుగు ఆటల్లో వేసిన షాటల్లా తప్పింది, అయిదో ఆటలో గానీ ఒక్కటి పడలేదు. అప్పటికే జనం తీర్పు ఇచ్చేశారు. ఏడాది చివరికి అతని సగటు 4.2 పాయింట్లు.

అదే డ్రాఫ్ట్‌లో పదిహేనో పిక్‌గా మిల్వాకీ ఓ సన్నటి గ్రీకు కుర్రాణ్ణి తీసుకుంది. పేరు యానిస్ అంటెటొకుంపో. మొదటి ఏడాది సగటు 6.8 పాయింట్లు. తర్వాత కథ మీకు తెలిసిందే. 2019లో, 2020లో ఎంవీపీ. 2021లో మిల్వాకీకి టైటిల్, ఫైనల్స్ ఆఖరి ఆటలో ఒక్కడే 50 పాయింట్లు.

ఇక్కడ మనలాంటి లెక్కలవాళ్ళు ఓ నిమిషం ఆగాలి. 6.8 ఎక్కువా, 4.2 ఎక్కువా అని అడిగితే ఎవరైనా ఠక్కున చెప్తారు. కానీ యానిస్ ఆ ఏడాది ఆటకి దాదాపు 25 నిమిషాలు ఆడాడు, బెనెట్ దాదాపు 13. నిమిషాలతో భాగించి చూడండి. పాయింట్లలో బెనెట్‌దే కాస్త పైచెయ్యి! షాట్లు పడ్డ శాతంలో మాత్రం యానిస్ మెరుగు, 41 దాకా. బెనెట్‌ది 36 లోపే. మొత్తమ్మీద ఆ ఏడాది అంకెలు మాత్రమే చేతిలో పెట్టి, "వీళ్ళలో ఒకడు రెండుసార్లు ఎంవీపీ అవుతాడు, ఇంకొకడు నాలుగేళ్ళలో లీగ్ వదిలిపోతాడు, ఎవరు ఏదో చెప్పండి" అంటే గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలిగేవాళ్ళు ఎంతమంది?

నిమిషాల తేడా ఎందుకొచ్చిందో కూడా చూడాలి కదా. మిల్వాకీ ఆ ఏడాది 82 ఆటల్లో 15 మాత్రమే గెలిచింది. లీగ్ మొత్తానికీ ఆఖరు. పోయేదేం లేదు కాబట్టి కుర్రాణ్ణి ఆడనిచ్చారు, తప్పులు చెయ్యనిచ్చారు. క్లీవ్‌లాండ్‌లోనేమో బెనెట్ స్థానంలో ట్రిస్టన్ థాంప్సన్ అప్పటికే పాతుకుపోయి ఉన్నాడు, అతను 2011లో నాలుగో పిక్. అంటే మొదటి పిక్‌గా తెచ్చుకున్నవాణ్ణి తెచ్చి క్యూలో నిలబెట్టారన్నమాట.

"అయితే తప్పంతా క్లీవ్‌లాండ్‌దేనా?" అని మీరడగొచ్చు. కాదు. 2014 ఆగస్టులో కెవిన్ లవ్ కోసం చేసిన ట్రేడ్‌లో బెనెట్‌ని మిన్నెసోటా పంపేశారు. అక్కడ టీము ఆ ఏడాది 16 ఆటలే గెలిచింది. అంటే అచ్చం మిల్వాకీ లాంటి చోటే. అక్కడా నిలబడలేకపోయాడు. తర్వాత టొరొంటో, బ్రూక్లిన్.. 2016-17 సీజన్‌తో అతని ఎన్బీయే ప్రయాణం ముగిసింది. మొత్తం 151 ఆటలు. కాబట్టి చోటు దొరికితే అందరూ వికసిస్తారని నేను చెప్పట్లేదు. నేను చెప్పేది అంతకన్నా చిన్న విషయం. బెనెట్ విషయంలో "బస్టు" అన్నవాళ్ళ మాట చివరికి నిజమే అయింది, కానీ వాళ్ళు ఆ మాట అన్నరోజున వాళ్ళకి అది తెలిసే అవకాశం లేదు. జవాబు కరెక్టయినంత మాత్రాన లెక్క కరెక్టు చేసినట్టు కాదు.

లెక్క తప్పినవాళ్ళ ఉదాహరణలు బోలెడు. 1998లో మిల్వాకీ తొమ్మిదో పిక్‌గా డర్క్ నొవిట్స్కీని తీసుకుని, ఆ రాత్రే డాలస్‌కి ఇచ్చేసి, బదులుగా రాబర్ట్ ట్రెయిలర్‌ని తెచ్చుకుంది. ట్రెయిలర్‌ది బుట్ట కింద నిలబడే పాతకాలపు పవర్ ఫార్వర్డ్ శరీరం, చూడగానే నమ్మకం కలిగేది. డర్క్ ఏడడుగుల బక్కపలచని జర్మన్ కుర్రాడు, దూరం నుంచి షాట్లు వేస్తాడు. మొదటి ఏడాది డర్క్ సగటు 8.2. రెండో ఏడాది 17.5. 2011లో డాలస్‌కి టైటిల్ తెచ్చాడు, 21 సీజన్లూ ఒకే టీముకి ఆడి 2019లో రిటైరయ్యాడు.

2012లో డ్రేమండ్ గ్రీన్ 35వ పిక్. పవర్ ఫార్వర్డ్‌కి పొట్టి, స్మాల్ ఫార్వర్డ్‌కి నెమ్మది అని పక్కన పెట్టారు. రెజ్యూమెలో కీవర్డ్ లేదని ఫిల్టర్ చేసినట్టు. మొదటి ఏడాది సగటు మూడు పాయింట్లు కూడా లేదు. 2014లో సీనియర్ డేవిడ్ లీకి గాయమైతే గ్రీన్‌కి చోటు దొరికింది, ఇక వదల్లేదు. గోల్డెన్ స్టేట్ ఆ తర్వాత గెలిచిన నాలుగు టైటిళ్ళలోనూ ఉన్నాడు.

అభిమానుల తప్పు రెండు వైపులా ఉంటుంది. 2015లో న్యూయార్క్ నిక్స్ నాలుగో పిక్‌గా పోర్జింగిస్‌ని తీసుకుంటే హాల్లో ఉన్న అభిమానులు గోల చేశారు, ఓ పిల్లాడు టీవీ కెమెరా ముందే ఏడ్చేశాడు. కొన్ని నెలలు తిరక్కుండానే అదే అభిమానులు అతన్ని ఉద్ధారకుణ్ణి చేసేశారు. 2018లో మోకాలు దెబ్బతింది, 2019లో డాలస్‌కి ట్రేడ్ అయిపోయాడు. టైటిల్ గెలిచింది 2024లో, అదీ బోస్టన్‌లో. ఏడుపూ తొందరే, భజనా తొందరే.

ఇప్పుడు ఇంకో వైపు కూడా చెప్పాలి. మొత్తం మీద చూస్తే ముందు పిక్ అయినవాళ్ళే ఎక్కువకాలం ఆడతారు, స్కౌట్లు మరీ గుడ్డివాళ్ళేం కాదు. పైగా ఒక్క డర్క్‌ని చూపించి ప్రతివాడికీ పదేళ్ళు టైమివ్వమంటే ఏ టీమూ బతకదు. ఇది ఒప్పుకుంటాను. మరి ఎంతకాలం ఆగాలి? దానికి జవాబు లీగే ఇచ్చింది. మొదటి రౌండ్ పిక్ కాంట్రాక్టులో రెండేళ్ళు గ్యారంటీ, ఆ పైన మూడో ఏడాదీ నాలుగో ఏడాదీ ఉంచుకోవాలా వద్దా అన్నది టీము ఇష్టం. డబ్బు పెట్టేవాడు రెండేళ్ళు ఆగుతుంటే, టీవీ ముందు చిప్స్ తినేవాడు రెండు వారాలు ఆగలేడా?

ఇదంతా బంతాట గురించే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. మన ఆఫీసుల్లో ఏటా జరిగేది ఇదే. నేను ఒకప్పుడు పనిచేసిన ఓ కంపెనీలో క్యాంపస్ నుంచి ఒకే రోజు చేరిన ఇద్దరిలో ఒకరిని కొత్త ప్రోడక్టులో వేశారు, రెండో అతన్ని అయిదు నెలలు బెంచి మీద కూర్చోబెట్టి, తర్వాత ఎవరికీ అక్కర్లేని నైట్ షిఫ్ట్ సపోర్టులో పడేశారు. అప్రైజల్లో ఇద్దర్నీ ఒకే బెల్ కర్వ్ మీద పెట్టారు. రెండో అతనికి అట్టడుగు రేటింగ్, పక్కన "లిమిటెడ్ పొటెన్షియల్" అని ఓ ముక్క. అతను తర్వాత పెద్దవాడైపోయాడని చెప్పి కథని సుఖాంతం చెయ్యను, ఎందుకంటే అసలు విషయం అది కాదు. అతను నిజంగా మామూలు వాడే అయినా సరే, ఆ ముక్క రాసినవాళ్ళ దగ్గర అది రాయడానికి కావాల్సిన ఆధారం లేదు. ఆడిన నిమిషాలు లెక్కెయ్యకుండా పాయింట్లు లెక్కేశారు.

ఆటగాడి గురించి మనం తొందరపడితే పోయేదేం లేదు, అతనికి మన పేరు కూడా తెలీదు. ఫ్రెషర్ విషయంలో తొందరపడితే ఆ రేటింగు అతని ఇంక్రిమెంటులోకి, తర్వాత ప్రాజెక్టులోకి, ఒక్కోసారి అతని గురించి అతనికుండే అభిప్రాయంలోకి కూడా వెళ్తుంది.

అందుకని నా సలహా చిన్నదే. డ్రాఫ్ట్ రాత్రి అయినా, అప్రైజల్ మీటింగ్ అయినా, "పొటెన్షియల్ ఉంది", "లేదు" అనేముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇతనికి ఎన్ని నిమిషాలు దొరికాయి? ఇతని ముందు క్యూలో ఎవరున్నారు? ఏం కనబడితే, ఎప్పటిలోగా కనబడితే నా అభిప్రాయం మార్చుకుంటాను? మూడోదానికి జవాబు లేకపోతే అది అంచనా కాదు, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనడమే.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. కొన్ని పూలు అలా పరిమళిస్తాయి, కాదనను. కానీ మొగ్గని పట్టుకుని వాసన చూసి పారేసేవాళ్ళని ఎవరూ తోటమాలి అనరు. మీరేమంటారు?