“ఏం చెయ్యదండీ” అంటే సరిపోతుందా?

పోయిన కార్తీక పౌర్ణమికి ఒంగోలు వెళ్ళినప్పుడు అందరితో పాటు నేనూ కొత్తపట్నం సముద్ర స్నానానికి పోయాను. ఇసకేస్తే రాలని జనం, అదీ ఇసకలోనే! అంతలో బెంగళూరు నెంబరు కారొకటి ఆగింది. దిగినాయన మన జాతే, మెళ్ళో ఆఫీసు ట్యాగొక్కటే తక్కువ. వెనక డోరు తియ్యగానే ఒక హస్కీ బయటికి దూకింది. పట్టీ ఆయన చేతిలో ఉంది, కుక్క మెడకి మాత్రం లేదు.

ఒడ్డున ఆడుకుంటున్న ఆరేళ్ళ పిల్లాడు దాన్ని చూసి పరిగెత్తాడు. పరిగెత్తేదాన్ని తరమడం కుక్క నైజం. వాడు బోర్లా పడ్డాడు, పిక్క మీద గోరు గీసుకుని రక్తం వచ్చింది. మనవాడు తాపీగా వచ్చి “భయపడకండి, ఇది ఏం చెయ్యదు, చాలా ఫ్రెండ్లీ” అన్నాడు. పిల్లాడి నాయనమ్మ ఒకటే మాటంది: “ఏం చెయ్యదని నీకు తెలుసు బాబూ, మా వాడికెట్టా తెలుసుద్ది?”

టీకా వేయించారా అని నేనడిగితే “డ్యూ ఉందండీ” అన్నాడు. అంటే ఇప్పుడు ఆ పిల్లాడు 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు సూది పొడిపించుకోవాలి. నాలుగుసార్లూ ఆ ముసలావిడ కూలి మానుకుని ఆస్పత్రికి తిప్పాలి. తప్పు కారులో వచ్చినాయనది, ఖర్చు ఈవిడది!

“ఇన్నాళ్ళూ ఏం చెయ్యలేదు” అనే వాదన నాకు బాగా తెలుసు. మన భాషలో దాన్నే “నా మెషీన్లో బాగానే పనిచేసింది” అంటారు. మీ హాల్లో సోఫా మీద చేసిన టెస్టింగ్, పౌర్ణమి నాటి కొత్తపట్నానికి పనికిరాదు. ఇక్కడ అలలు, కేకలు, ఎండుచేపల వాసన, తమ హద్దు కోసం కాట్లాడే వీధికుక్కలు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. 2023 జనవరిలో బంజారాహిల్స్ లో పార్సిల్ ఇవ్వడానికి వెళ్ళిన కుర్రాడు, ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ మీదికి వస్తుంటే తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. ప్రాణం తీసింది కాటు కాదు, భయం.

పట్టీ ఉంటే చాలా అంటే, అదీ కాదు. బటన్ నొక్కితే ఐదు మీటర్లు సాగే రీలు పట్టీ నేనూ కొన్నాను, స్టైలుగా ఉందని. ఐదు మీటర్లంటే కుక్కకి రన్ వే ఇచ్చినట్టే. అది ఉరికినప్పుడు ఆ సన్నతాడు పట్టుకోబోయి రెండు వేళ్ళు కోసుకున్నా. జనంలోకి వెళ్ళేటప్పుడు ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల వెడల్పాటి నైలాన్ పట్టీయే మేలు. లాగే కుక్కకి మెడపట్టీతో పాటు ఛాతీకి హార్నెస్ కూడా వేసి, రెంటికీ తగిలించండి. ఒకటి ఊడినా ఇంకోటి ఉంటుంది. బ్యాకప్ విలువ మనకొకరు చెప్పాలా? మెడపట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, అంతకంటే వదులైతే తల వెనక్కి లాగి జారుకుంటుంది. పట్టీని వేళ్ళకి చుట్టుకోకండి. సముద్రం నుంచి రాగానే కొక్కేన్ని మంచినీళ్ళతో కడగండి, ఉప్పుకి స్ప్రింగు తుప్పు పడుతుంది.

“ముందు వీధికుక్కల సంగతి చూడమనండి” అంటారు. చూడాల్సిందే. 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన గొడవ అది. కానీ వీధికుక్కకి యజమాని లేడు, మీ కుక్కకి మీరున్నారు. పెంపుడు జంతువు వల్ల మనుషులకి హాని జరక్కుండా జాగ్రత్త పడకపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇంకోమాట. మిరప సీమ కదా, కుక్క గాయానికి కారం అద్దేవాళ్ళు ఇంకా ఉన్నారు. వద్దు. సబ్బు, పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి పరిగెత్తండి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ కి మందు లేదు.

నాకూ కుక్క ఉంది, ప్రాణం. అందుకే చెప్తున్నా, పట్టీ దానికి సంకెల కాదు, ఎదుటివాడికి మనం ఇచ్చే హామీ. ఆ నాయనమ్మ అడిగినదానికి మీ దగ్గర వేరే జవాబుంటే చెప్పండి, వింటాను.