షెడ్డుకు వ్యాక్యూమ్ కొంటున్నారా? ముందు ఈ లెక్క చూడండి

నా ల్యాప్‌టాప్ వేడెక్కి ఉన్నట్టుండి ఆగిపోతుంటే మొన్నామధ్య నెల్లూరు తీసుకెళ్లి చూపించా. రిపేరు చేసే అబ్బాయి వెనక మూత తీశాడు. లోపలి ఫ్యాన్ చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. "ఏంది సార్, దీన్ని వడ్రంగి కొట్లో గానీ పెట్టుకున్నారా?" అన్నాడు. ఫ్యాన్ రెక్కల మధ్య గోధుమ రంగు పొడి ముద్ద కట్టేసి ఉంది.

అతను జోకేశాడు గానీ, అది నిజమే. మర్రిపాడులో మా ఇంట్లో నేను వర్క్ ఫ్రమ్ హోమ్ చేసే గదికీ, నాయన పనిచేసే షెడ్డుకీ మధ్య ఒక్కటే గోడ. అది అసలు కారు కోసమని వేసిన షెడ్డు. కారు రాలేదు, రంపం మిషను వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అదే ఆలోచన. ల్యాప్‌టాప్ కొని మూడేళ్లు. అది గోడకి ఇవతల ఉంది. నాయన ముప్పై ఏళ్లుగా ఆ పొట్టు మధ్యలోనే ఉన్నాడు. ఫ్యాన్‌ని బ్రష్‌తో తుడిచి ఇచ్చారు. ఊపిరితిత్తుల్ని దేంతో తుడుస్తారు?

ఆ రాత్రే ఫోన్లో వెతకడం మొదలుపెట్టా. షాప్ వ్యాక్యూమ్ క్లీనర్ కావాలి. అదీ చార్జింగ్‌తో నడిచేది. ఎందుకంటే మాకు కరెంటు ఎప్పుడు పోద్దో తెలీదు. సమస్య తెలిసింది, పరిష్కారం తెలిసింది, ఇక బటన్ నొక్కడమే అనుకున్నా. ఇంజినీర్లకి ఉండే జబ్బే ఇది.

కంటికి కనపడేది కాదు, కనపడనిదే అసలు సమస్య

మాకు పక్కనే ఉదయగిరి. అక్కడి చెక్క స్పూన్లు, గరిటెలకు జీఐ గుర్తింపు కూడా ఉంది. నర్ది, బిక్కి, కల్ది లాంటి అడవి కర్రని చేతి పనిముట్లతో చెక్కుతారు. ఆ పనిలో ఎక్కువగా రాలేది చెక్కుడు పొట్టు. బరువుగా ఉంటుంది, రాలిన చోటే పడి ఉంటుంది. చీపురుతో ఊడ్చేస్తే సరిపోతుంది.

మిషను రంపం, శాండర్ అట్లా కాదు. అవి కర్రని పిండి చేస్తాయి. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. శాండర్ నుంచి లేచే దుమ్ములో 10 మైక్రాన్ల కంటే సన్నవి బోలెడు. అవి వెంటనే కింద పడవు, గాల్లో తేలుతుంటాయి. ముక్కులో వెంట్రుకలు వాటిని ఆపలేవు. చేత్తో ఉప్పుకాగితం రుద్దినా ఇంతే, కాకపోతే కాస్త తక్కువ.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 1995లోనే కర్ర దుమ్ముని గ్రూప్ 1లో చేర్చింది. అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని తేలినవాటి జాబితా. ముఖ్యంగా ముక్కు లోపల, సైనస్‌లలో వచ్చే క్యాన్సర్. ఇప్పుడు వార్డ్‌రోబ్‌లన్నీ ఎమ్‌డీఎఫ్‌తోనే కదా. దాన్ని అతికించే జిగురులో ఎక్కువగా వాడే ఫార్మాల్డిహైడ్ కూడా అదే గ్రూపులో ఉంది. వడ్రంగి పని చేసే ప్రతి ఒక్కరికీ క్యాన్సర్ వస్తుందని కాదు దీనర్థం. "కర్ర పొట్టే కదా, ఏమైద్ది" అని వదిలేసే విషయం మాత్రం కాదు.

మొదటి తప్పు: పాస్కల్ మోజు

తొందరపడి కొన్న మొదటిది కారు సీట్లు తుడిచే చిన్న వ్యాక్యూమ్. చార్జింగ్‌దే. డబ్బా మీద వేలల్లో పాస్కల్‌లు రాసి ఉన్నాయి. పెద్ద నంబరు కదా అని తెచ్చా. రెండు నిమిషాల్లో ఫిల్టర్ మూసుకుపోయింది. పైగా పొద్దున కిటికీలోంచి ఎండ పడుతున్నప్పుడు చూస్తే, ముందు నుంచి లాక్కున్న సన్నటి పొడిని వెనక నుంచి ఊదుతోంది! నేల మీద ఉన్న దుమ్ముని నాయన మొహం ఎత్తుకి తెచ్చిపెట్టానన్నమాట.

అప్పుడు కూర్చుని చదివా. వ్యాక్యూమ్‌కి రెండు లెక్కలుంటాయి. మా వైపు రైతులకి ఇది చెప్పక్కర్లేదు. బోరు మోటార్ కొనేటప్పుడు వాళ్లు రెండూ అడుగుతారు. ఎంత లోతు నుంచి లాగుద్ది? ఎన్ని నీళ్లు పోస్తది? పాస్కల్ అనేది మొదటి ప్రశ్నకి జవాబు. గొట్టం మూసి పట్టుకుంటే ఎంత బలంగా లాగుతుందో చెబుతుంది. సెకనుకి ఎన్ని లీటర్ల గాలి అనేది రెండో ప్రశ్నకి జవాబు. గాల్లో తేలే పొడిని పట్టాలంటే ఈ రెండోది బాగుండాలి. మొదటిది మాత్రమే రాసి రెండోది దాచిన డబ్బాని కొనకండి.

బ్యాటరీలో ఎంత ఉంది?

ఇప్పుడు చార్జింగ్ సంగతి. 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 18 ఇంటూ 5, మొత్తం 90 వాట్ అవర్లు. మన కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 1000. అంటే ఈ బ్యాటరీలో ఉండేది యూనిట్‌లో పదో వంతు కూడా కాదు. 300 వాట్ల మోటార్‌ని 18 నిమిషాలు తిప్పుతుంది. మామూలు కరెంటు వ్యాక్యూమ్‌లా 1000 వాట్ల మోటార్ పెడితే ఐదున్నర నిమిషాల్లోపే ఖాళీ. అందుకే చార్జింగ్ వాటిల్లో మోటార్ చిన్నది పెడతారు.

18, 20, 21 వోల్టులని వేరువేరుగా రాసి ఉంటే కంగారు పడొద్దు. చాలావరకు లోపల ఉండేవి అవే ఐదు సెల్స్. ఒక్కో సెల్ మామూలు వోల్టేజీ 3.6 అనుకుంటే 18. ఫుల్ చార్జ్‌లో 4.2 అనుకుంటే 21. పేరు మారింది, సరుకు మారలేదు.

మా ఎండల సంగతి కూడా ఉంది. లిథియం బ్యాటరీలని 45 డిగ్రీల లోపే చార్జ్ చేయాలి. మే నెలలో మా రేకుల షెడ్డు లోపల వేడి అంతకంటే తక్కువ ఉంటుందని నేను హామీ ఇవ్వలేను. చార్జర్ ఇంట్లో ఉండాల్సిందే.

ఈ లెక్కలన్నీ ల్యాప్‌టాప్‌లో పట్టిక వేసి, రెండు బ్యాటరీలు కొంటే సరిపోద్దని తేల్చి, నాయనకి చూపించా. చూసినంత సేపు చూసి ఒకే మాట అన్నాడు.

"కరెంటు పోతే రంపం కూడా ఆగిపోద్ది గదరా అబ్బయ్యా. ఇంకేం పొట్టు రాలుద్దని దానికి బ్యాటరీ?"

నా పట్టికలో ఆ ఒక్క గడి లేదు.

నిజమే కదా. దుమ్ము చేసే మిషను కరెంటు మీద నడిచేటప్పుడు, దుమ్ము లాగే మిషను బ్యాటరీ మీద నడవాల్సిన పనేముంది? షెడ్డులో రంపం కదలదు, ప్లగ్ కదలదు. అక్కడ వైరు అడ్డం కాదు. వైరుది అయితే గంటసేపు ఆపకుండా లాగుతుంది, ధర కూడా సాధారణంగా తక్కువే.

మరి బ్యాటరీది ఎవరికి?

నాయనకి ఇంకో పని ఉంది. ఊళ్లలో కొత్త ఇళ్లకి తలుపులు బిగిస్తాడు. అప్పటికి చాలా ఇళ్లలో కరెంటు మీటరే పెట్టి ఉండరు. 18 వోల్టుల డ్రిల్ తీసుకుపోయి పని కానిస్తాడు. బీరువా బిగించడానికి మనుషులు కాపురం ఉన్న ఇంటికి పోతే, వాళ్ల హాల్లో పొట్టు పోసి రావడం మర్యాద కాదు. బ్యాటరీ వ్యాక్యూమ్ అక్కడికి సరిపోతుంది. పది నిమిషాల పని, వైరు లాగే బాధ లేదు.

ఆ అవసరం మీకుంటే కొత్త కంపెనీ వైపు పోవద్దు. మీ డ్రిల్ ఏ కంపెనీదో, ఆ బ్యాటరీయే పట్టే వ్యాక్యూమ్ చూడండి. బ్యాటరీ లేకుండా ఒట్టి మిషను అమ్ముతారు, డబ్బు చాలా మిగులుతుంది. డీవాల్ట్ డీసీవీ582 లాంటివి బ్యాటరీతోనూ, కరెంటుతోనూ నడుస్తాయి. షెడ్డుకీ, బయటి పనికీ ఒక్కటే కొనాలనుకునేవాళ్లు అలాంటి రెండు దారుల మిషను గురించి ఆలోచించొచ్చు.

టార్చ్ వేసి చూస్తే

కొనేముందు ఒక పరీక్ష చేశా. చీకటి పడ్డాక షెడ్డులో లైట్లు ఆపి, ఫోన్ టార్చ్ అడ్డంగా వేసి చూశా. నాయన పని ఆపి అప్పటికి గంటైంది. వెలుగులో చుక్కలు కొన్ని తేలుతున్నాయి, అంతే. పర్లేదే అనుకునేలోపు అమ్మ చీపురు తీసుకుని వచ్చింది. రోజూ ఆ టైముకి షెడ్డు ఊడ్చేది అమ్మే. నాలుగు సార్లు ఊడ్చిందో లేదో, టార్చ్ వెలుగు పాలలాగా తెల్లగా అయిపోయింది.

నాయనన్నా మిషను దగ్గర ముక్కుకి తువ్వాలు కట్టుకుంటాడు. అమ్మకి అదీ లేదు. నేను ఇన్ని రోజులు నాయన గురించే లెక్కలేశా. పొట్టు మొత్తం కింద పడ్డాక, దాన్ని మళ్లీ గాల్లోకి లేపి పీలుస్తున్న మనిషి నా లెక్కలో లేదు.

అప్పుడు అర్థమైంది. షాప్ వ్యాక్యూమ్ అంటే ఊడ్చే మిషను కాదు. పొట్టు పుట్టిన చోటే పట్టే మిషను. గొట్టం రంపానికీ, శాండర్‌కీ తగిలించి ఉండాలి. కింద పడ్డాక లాగడం రెండో పని.

మేం చివరికి తీసుకున్నది

కరెంటుతో నడిచే వెట్ అండ్ డ్రై రకం, 1000 వాట్లది. మీరు కొనేటప్పుడు చూడాల్సినవి ఇవీ:

ఫిల్టర్: అన్నిటికంటే ముందు ఇది. హెపా అంటే 0.3 మైక్రాన్ల కణాల్ని 99.97 శాతం ఆపాలి. యూరప్ పద్ధతిలో ఎల్, ఎమ్, హెచ్ అని క్లాసులుంటాయి. ఎల్ 99 శాతం, ఎమ్ 99.9 శాతం, హెచ్ 99.995 శాతం. కర్ర దుమ్ముకి ఎమ్ సరైనది. అది బడ్జెట్‌లో లేకపోతే, మంచి ఫిల్టర్‌తో పాటు లోపల గుడ్డలాంటి దుమ్ము సంచి పట్టే మిషను తీసుకోండి. ఫిల్టర్, సంచి విడిగా దొరుకుతాయా, ఎంతకి దొరుకుతాయి అనేది మిషను కొనేముందే చూడండి.

సైక్లోన్: గరాటు ఆకారంలో ప్లాస్టిక్‌ది ఉంటుంది. మూత గట్టిగా పట్టే బకెట్ మీద బిగించి, గొట్టం మధ్యలో పెట్టాలి. గాలి లోపల సుడి తిరిగి, పొట్టులో ఎక్కువ భాగం బకెట్‌లోనే పడిపోతుంది. ఫిల్టర్ త్వరగా మూసుకుపోదు. బకెట్ మందంగా ఉండాలి, పలచటిదైతే ఆ లాగుడికి లోపలికి నొక్కుకుపోతుంది.

గొట్టం: శాండర్ మూతి, గొట్టం మూతి కలవవు. ఇది రాసిపెట్టి ఉంచుకోండి. అడాప్టర్ దొరికేదాకా మేం పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగి, క్లిప్పు బిగించాం. గొట్టం ఎంత పొడవు, ఎంత సన్నం అయితే గాలి అంత తగ్గుతుంది.

ప్లగ్: 1000 వాట్ల వ్యాక్యూమ్, 1200 వాట్ల రంపం కలిసి ఒకే చిన్న 6 ఆంపియర్ల బోర్డు మీద వద్దు. దాని శక్తి 1400 వాట్లు కూడా కాదు. 16 ఆంపియర్ల సాకెట్ వేయించుకోండి.

నిప్పు: ఇనుము గ్రైండింగ్ చేసిన రవ్వలు, బీడీ ముక్కలు అందులోకి పోనివ్వొద్దు. సంచిలో ఉన్నది ఎండిన కర్ర పొడి అని గుర్తుంచుకోండి.

మాస్క్: పైవన్నీ కొన్నా ఇది ఉండాలి. ఏదీ కొనలేకపోయినా ఇది ఉండాలి. ఎన్95 ఒకటి రేపే కొనొచ్చు. తువ్వాలు సన్నటి దుమ్ముని ఆపదు.

బయటి పనులకి బ్యాటరీది ఇంకా కొనలేదు. ఒకేసారి రెండు కొనే డబ్బు లేదు. ముందు ఏది కొనాలో తెలిసింది, అది చాలు.

మొదటి వారం నాయన దాన్ని ముట్టుకోలేదు. "చెవులు చిల్లులు పడతా ఉండాయి" అని పక్కన పెట్టేశాడు. నేను చెబితే వినలేదు. అమ్మ మాత్రం చీపురు తీసుకెళ్లి దొడ్లో పెట్టేసింది. "గొట్టం పెట్టుకుని చేసుకుంటే చేసుకో, లేకుంటే నీ పొట్టు నువ్వే ఎత్తుకో" అంది. రెండో రోజు నుంచి గొట్టం రంపానికి ఎక్కింది.

నాయన దగ్గు తగ్గిందా అని అడగొద్దు. ముప్పై ఏళ్ల సంగతి రెండు నెలల్లో తేలదు, దానికి డాక్టరు దగ్గరికి వేరుగా తీసుకెళ్తున్నా. నేను చెప్పగలిగింది ఒక్కటే. మొన్న రాత్రి, అమ్మ షెడ్డు శుభ్రం చేస్తున్నప్పుడే మళ్లీ టార్చ్ వేసి చూశా. వెలుగు వెలుగులాగానే ఉంది.

మీ ఇంట్లో రంపం గానీ, శాండర్ గానీ ఉంటే ఈ రాత్రి మీరూ లైట్లు ఆపి ఒకసారి టార్చ్ వేయండి. ఏం కొనాలో తర్వాత ఆలోచిద్దాం. ముందు ఆ గదిని ఎవరు ఊడుస్తున్నారో చూడండి.