లేన్ తగ్గిస్తామంటే అడ్డుపడేదెవరు? ఎందుకు?

దేశంలో ఏ నగరంలోనైనా కార్లకు ఉన్న లేన్ తగ్గించి బస్సుకో, ఫుట్‌పాత్‌కో ఇస్తామంటే మొదటి వ్యతిరేకత ఆ రోడ్డు మీదే పుడుతుంది. దుకాణదారులు, కాలనీ సంక్షేమ సంఘాలు, రోజూ కారులో వెళ్లేవాళ్లు ఏకమవుతారు. చాలాచోట్ల ప్రభుత్వమే వెనక్కి తగ్గుతుంది. భోపాల్‌లో 2013లో మొదలైన బీఆర్‌టీఎస్ కారిడార్‌ను 2024లో తొలగించారు. 2013లోనే మొదలైన ఇండోర్ కారిడార్ తొలగింపునకు 2025 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్ హైకోర్టు అనుమతిచ్చింది. ఈ కథకు మూలం మాత్రం ఢిల్లీలో ఉంది.

ఢిల్లీ నేర్పిన పాఠం

దక్షిణ ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్ల బస్ కారిడార్ 2008 ఏప్రిల్‌లో ప్రయోగాత్మకంగా మొదలైంది. రోడ్డు మధ్యలో బస్సులకు ప్రత్యేక లేన్, పక్కన కార్లకు మిగిలిన లేన్లు, అంచున సైకిళ్లకు దారి. ఖాళీగా కనిపించే బస్సు లేన్ పక్కనే కార్లు బారులు తీరడంతో తొలి వారాల నుంచే ఆగ్రహం మొదలైంది.

ఆ ఆగ్రహంలో కొంత న్యాయం ఉంది. కూడళ్లలో సిగ్నళ్ల నిరీక్షణ మరీ ఎక్కువ. బస్టాపులు రోడ్డు నడిమధ్యన ఉండటంతో ప్రయాణికులు కార్ల లేన్లు దాటుకుని వెళ్లాలి. ద్విచక్ర వాహనాలు బస్సు లేన్‌లోకి దూరేవి. పైగా అది చిన్న ముక్క. అది దాటాక బస్సు మళ్లీ మామూలు ట్రాఫిక్‌లో చిక్కుకునేది.

అయినా వాదన సాగిన తీరులో ఒక లోపం ఉంది. ఎన్ని వాహనాలు ఆగిపోయాయన్నదే చర్చ. ఎంతమంది మనుషులు వెళ్లారన్నది వెనక్కి పోయింది. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం రోడ్డు స్థలం పంపకంలో వాహనాలు కాదు, మనుషులే ప్రధానమని చెప్పింది. కారిడార్‌ను ఎత్తివేయాలన్న పిటిషన్‌ను ఢిల్లీ హైకోర్టు 2012 అక్టోబరులో తోసిపుచ్చింది. కోర్టులో నిలిచిన కారిడార్ రాజకీయాల్లో నిలవలేదు. 2015లో ఢిల్లీ ప్రభుత్వం తొలగించాలని నిర్ణయించింది, 2016 జనవరిలో పనులు మొదలయ్యాయి.

లెక్కలో ఎవరున్నారు?

అమెరికా నగర రవాణా అధికారుల సంఘం నాక్టో అంచనా ప్రకారం మామూలు ట్రాఫిక్ లేన్ గంటకు 600 నుంచి 1,600 మందిని తీసుకెళుతుంది. ప్రత్యేక బస్సు లేన్ 4,000 నుంచి 8,000 మందిని మోయగలదు. మన రోడ్ల మీద అంకెలు కొంత మారవచ్చు. కానీ 50 మంది ఎక్కిన ఒక బస్సు వెళ్లిపోయాక లేన్ ఖాళీగా కనిపిస్తుంది, అదే 50 మంది కార్లలో వస్తే లేన్ నిండిపోతుంది. చూసేవారి కంటికి మొదటిది వృథాలా, రెండోది అవసరంలా అనిపిస్తుంది.

నడిచేవారి సంగతీ ఇంతే. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది పాదచారులు. నివాస ప్రాంతాల్లోనూ ఫుట్‌పాత్‌పై కనీసం 1.8 మీటర్ల నడక దారి ఉండాలన్నది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. ఫుట్‌పాత్‌ను వాడుకునే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణంలో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టం చేసింది. రోడ్డు వెడల్పు పెరగని చోట ఆ 1.8 మీటర్లు వాహనాల నుంచే రావాలి.

ఇక్కడే చిక్కు. లేన్ పోతే నష్టపోయేవారు ఆ వీధిలోనే ఉంటారు, పేరుపేరునా తెలుసు, కార్పొరేటర్‌ను కలవగలరు. లాభపడేవారు వేర్వేరు బస్తీల నుంచి వచ్చిపోయే బస్సు ప్రయాణికులు, పనిమనుషులు, బడిపిల్లలు. కాలనీ సమావేశానికి వారిని ఎవరూ పిలవరు.

వ్యతిరేకతను ఎలా వినాలి?

అంతమాత్రాన స్థానికుల అభ్యంతరాలను స్వార్థమని కొట్టిపారేయలేం. సరుకు లారీ ఎక్కడ ఆగాలి? ప్రధాన రోడ్డు ఇరుకైతే వాహనాలు మా సందుల్లోకి రావా? కొనుగోలుదారులు బండి ఎక్కడ పెట్టాలి? ఇవి జవాబు ఉన్న ప్రశ్నలు. సరుకు దింపడానికి వేళలు, సందుల్లో వేగ నియంత్రణ, దగ్గర్లో డబ్బు కట్టే పార్కింగ్. అయితే ఆ జవాబులు రోడ్డు తవ్వకముందే రావాలి.

చీరల కోసం తెలుగువారూ వెళ్లే చెన్నై టీ నగర్‌లో పాండీ బజార్ అనుభవం ఇందుకు పనికొస్తుంది. అక్కడ వాహనాల స్థలం తగ్గించి విశాలమైన ఫుట్‌పాత్‌లు వేశారు. వ్యాపారుల్లో పార్కింగ్ భయం ఉండేది. శాశ్వత నిర్మాణానికి ముందు ప్రయోగాత్మకంగా వాహనాలను నియంత్రించి చూశారు. బహుళ అంతస్తుల పార్కింగ్‌ను ప్రణాళికలో చేర్చారు. 2019 నవంబరులో ప్రారంభమైన ఆ వీధి ఇప్పటికీ నిలిచి ఉంది. ఢిల్లీ కంటే ఏడాదిన్నర తర్వాత, 2009లో మొదలైన అహ్మదాబాద్ జన్‌మార్గ్ కూడా నడుస్తూనే ఉంది. అక్కడ ముందుగా వెడల్పైన రోడ్లను ఎంచుకుని, తర్వాత కారిడార్‌ను నగరమంతా విస్తరించారు. అందుకే ప్రయాణికులకు అది ఒక వ్యవస్థగా పనికొచ్చింది.

మన విజయవాడ, విశాఖల్లోనూ బీఆర్‌టీఎస్ పేరుతో రోడ్లు వేశారు. పేరు మిగిలింది కానీ, ఆ రోడ్లపై బస్సుకు దక్కాల్సిన ప్రాధాన్యం దక్కలేదు. చార్మినార్ చుట్టూ పాదచారుల ప్రాజెక్టు ఏళ్ల తరబడి సాగింది. రేపు ఏ కాలనీలోనైనా లేన్ తగ్గించే ప్రతిపాదన వస్తే నగరపాలక సంస్థలు చేయాల్సిన మొదటి పని సులువైనదే. ఆ రోడ్డు మీద ఒక వారం పాటు వాహనాలతో పాటు మనుషుల్నీ లెక్కపెట్టాలి. ఆ అంకెలను కాలనీ సమావేశంలో అందరి ముందూ పెట్టాలి. బారికేడ్లతో 3 నెలలు ప్రయోగించి, మళ్లీ లెక్కపెట్టాలి. అప్పటికీ నష్టమే ఎక్కువని తేలితే వెనక్కి తీసుకోవచ్చు, బారికేడ్ తీయడానికి ఖర్చేమీ కాదు. ఏళ్ల తరబడి వాడిన కారిడార్‌ను పగలగొట్టడానికే ప్రజాధనం రెండోసారి ఖర్చవుతుంది.