దెబ్బ ఒక కంటికి, ముప్పు రెండింటికి

హఫీజ్‌పేట్ బడిలోనో, మీ బడిలోనో తోపులాటలో కంపాసు మొన ఒకరి కంట్లో గుచ్చుకుందనుకోండి. మాస్టారు కొడతారని ఆ పిల్లవాడు దాచేస్తాడు. రెండో కన్ను బాగానే ఉందిగా అనుకుంటాడు. కాని ఆ రెండో కన్నూ ప్రమాదంలో పడవచ్చు!

ఎలాగంటారా? కంటి లోపలి పొరలు మూసిన గదిలాంటివి. మనల్ని కాపాడే తెల్ల రక్తకణాలకు వాటితో పరిచయం తక్కువ. గాయంతో తలుపు తెరుచుకుంటే, అక్కడి పదార్థాలను అవి శత్రువులుగా పొరబడవచ్చు. రక్తంలో తిరిగే కణాలకు ఏ కన్నయితేనేం? బాగున్న కంటిలోనూ రెటీనా మీద, దాని వెనుక రక్తనాళాల పొర మీద దాడి చేస్తాయి. ఈ అరుదైన జబ్బు పేరు సింపథెటిక్ ఆఫ్తాల్మియా. పేరులో సానుభూతి ఉందిగాని పనిలో లేదు! 1812లో మూడేళ్ళ లూయీ బ్రెయిలీకి తోలుపని ఆరె ఒక కంట్లోనే గుచ్చుకుంది. అయిదేళ్ళకల్లా రెండు కళ్ళూ పోయాయి. కారణం ఇదే కావచ్చని చాలామంది వైద్యుల ఊహ.

దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు. డాక్టరు మందు వేసి కంటిపాపను పెద్దదిచేసి చూస్తారు, స్కానులు తీస్తారు. అయినా ముఖ్యమైన ఆధారం ‘ఫలానా రోజు దెబ్బ తగిలింది’ అన్న మాటే. అది నెలల కిందటిదైనా సరే చెప్పాలి. త్వరగా పట్టుకుంటే స్టెరాయిడ్లతో, రక్షణకణాల దూకుడు తగ్గించే ఇతర మందులతో చాలామందికి చూపు నిలుస్తుంది. హైదరాబాదులోనే 1987లో ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వెలిసింది. వైద్యం మనకు దూరం కాదు. దూరం చేస్తున్నది బెత్తం భయమే. కంటికి దెబ్బ తగిలిందన్న పిల్లవాణ్ణి ఆరోజు ఏ మాస్టారూ ‘ఎందుకు ఆడావు?’ అని అడగకూడదని నా వాదన. కన్ను నలపనివ్వకుండా, నొక్కుకోకుండా ఏదైనా గిన్నె అడ్డుపెట్టి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.