పద్దెనిమిదేళ్ళకే లివింగ్ విల్: నిర్బంధం ఎవరి మీద ఉండాలి?

మాట చెప్పలేని స్థితి వస్తే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసి పెట్టుకునే పత్రమే లివింగ్ విల్. ఆ పేరు వినగానే డెబ్భై దాటినవాళ్ళే గుర్తొస్తారు. కానీ ఈ ఆలోచనను ప్రపంచం ముందుకు తెచ్చిన కేసుల్లో మంచాన పడినవాళ్ళు చాలావరకు పడుచువాళ్ళే. 1975లో అమెరికాలోని న్యూజెర్సీలో కోమాలోకి జారిపోయిన కారెన్ ఆన్ క్విన్‌లాన్‌కు 21 ఏళ్ళు. 1983లో కారు ప్రమాదానికి గురైన నాన్సీ క్రూజన్‌కు 25. 1990లో గుండె ఆగి మెదడు దెబ్బతిన్న టెరీ షైవోకు 26. ఆమెకు ఆహారపు గొట్టం ఉంచాలా తీసెయ్యాలా అని భర్త ఒకవైపు, కన్నవాళ్ళు మరోవైపు ఏళ్ళ తరబడి కోర్టుల్లో పోరాడారు. 2005లో గానీ అది తేలలేదు. మన ముంబయిలో నర్సు అరుణా శాన్‌బాగ్ మీద 1973లో దాడి జరిగేనాటికి ఆమెకు పాతికేళ్ళు. 2015లో కన్నుమూసేదాకా ఆస్పత్రి మంచమే ఆమె లోకం. వీళ్ళలో ఎవరూ తమకేం కావాలో ముందుగా రాసి పెట్టుకోలేదు.

అందుకే పద్దెనిమిది నిండిన ప్రతివారూ లివింగ్ విల్ రాసి తీరాలన్న వాదన పుట్టింది. అందులో బలం లేకపోలేదు. అయినా గుంటూరు, ప్రకాశం పత్తి, మిర్చి నేలల్లో ఆ నిర్బంధం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుందని నా గట్టి నమ్మకం.

ముందు తెలుగునేల మీదే జరిగిన ఒక సంగతి. 2004లో హైదరాబాద్‌లో వెంకటేశ్ అనే చదరంగం ఆటగాడు కండరాలు క్షీణించే జబ్బుతో చివరి దశకు చేరాడు. వయసు 25. తన అవయవాలు పాడవకముందే వాటిని ఇతరులకు ఇచ్చి వెళ్ళిపోవాలన్నది అతని కోరిక. కొడుకు మాట నిలపాలని తల్లి సుజాత హైకోర్టు గడప తొక్కింది. మెదడు మరణించాకే అవయవాలు తీయాలని 1994 నాటి అవయవ మార్పిడి చట్టం చెబుతోంది గనుక కోర్టు ఒప్పుకోలేదు. ఆ డిసెంబరులోనే అతను వెళ్ళిపోయాడు. ఆ కోరికను నేటి చట్టం కూడా అలాగే తీర్చదు. అయితే అతని మనసులో ఏముందో తెలియకపోవడం అక్కడ సమస్య కాలేదు. స్పష్టంగా చెప్పిన మాటను తీసుకుని, అందులో ఎంతవరకు నెరవేర్చగలమో రోగి పక్కన కూర్చుని తేల్చే ఏర్పాటు లేకపోయింది. యువత చేత కాగితాలు రాయించినంత మాత్రాన ఆ ఏర్పాటు రాదు.

ఇప్పుడు చట్టం ఎక్కడుంది? 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం గౌరవంగా మరణించడం 21వ అధికరణంలో భాగమని చెప్పి లివింగ్ విల్‌కు గుర్తింపునిచ్చింది. మేజిస్ట్రేట్ సంతకం వంటి షరతుల వల్ల అది ఆచరణలో కదలలేదు. 2023 జనవరి 24న కోర్టే దాన్ని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు రాసి, నోటరీతోగానీ గెజిటెడ్ అధికారితోగానీ ధ్రువీకరణ చేయించుకుంటే చాలు. మన తరఫున మాట్లాడేందుకు ఒకరి కంటే ఎక్కువమంది పేర్లు రాయొచ్చు. చికిత్స ఆపాలంటే ముగ్గురు వైద్యుల బోర్డు చూడాలి, దాని అభిప్రాయాన్ని మరో ముగ్గురి బోర్డు పరిశీలించాలి. ఒక్కో బోర్డు సాధ్యమైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. కోలుకునే ఆశ లేక దీర్ఘకాలంగా చికిత్సలో ఉన్న రోగికి మాత్రమే ఇదంతా వర్తిస్తుంది. ఈ చివరి షరతే మనకు కీలకం.

ఎందుకంటే మన పల్లెల పడుచువాళ్ళు ఐసీయూకి చేరేది ఎక్కువగా రెండు దారుల్లో. ఒకటి, హెల్మెట్ లేకుండా పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కిన బైకు. రెండోది పురుగుమందు. 1980ల చివర తెల్లదోమ పత్తిని నేలమట్టం చేసినప్పుడు ప్రకాశం, గుంటూరు రైతులు ప్రాణాలు తీసుకోవడం చూశాం. పంటకని తెచ్చిన మందు ఇంట్లోనే ఉంటుంది. కోపమో అవమానమో క్షణంలో పని కానిచ్చేస్తుంది. ఇలా చేరినవాళ్ళకు వెంటిలేటర్ ప్రాణం నిలిపే యంత్రం. ఆర్గానోఫాస్ఫేట్ రకం మందు లోపలికి వెళ్ళినవారిలో ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, కాస్త తేరుకున్నట్టు కనిపించాక, మెడ కండరాలూ ఊపిరి తీసే కండరాలూ ఉన్నట్టుండి సడలిపోయే దశ రావచ్చు. వారమో, రెండు వారాలో, ఒక్కోసారి అంతకంటే ఎక్కువో యంత్రమే ఊపిరి పోయాలి. ఆ గండం గట్టెక్కితే చాలామంది మామూలు మనుషులై ఇంటికి వెళ్తారు. పెళ్ళి చేసుకుంటారు, పిల్లల్ని కంటారు, మళ్ళీ చేలోకి దిగుతారు.

ముదిరిన క్యాన్సర్‌తో ఉన్న పెద్దాయన ‘నన్ను యంత్రాలకు తగిలించొద్దు’ అంటే అది బతుకంతా చూసి తీసుకున్న నిర్ణయం. ఇంజినీరింగ్ అడ్మిషన్ రోజున పాతిక కాగితాల మధ్య ఇరవై ఏళ్ళ కుర్రాడి చేత అదే వాక్యం మీద సంతకం పెట్టిస్తే అది ఎవరి నిర్ణయం? నిర్బంధమంటే చివరికి జరిగేది అదే. దస్తావేజు లేఖరి దగ్గర ఒకే నమూనా, పేరు మార్చి జిరాక్స్. చట్టపరంగా అది విషం కేసుకు వర్తించదు, నిజమే. కానీ అర్ధరాత్రి ఐసీయూ తలుపు దగ్గర చేతిలో డబ్బు అయిపోయిన కుటుంబానికి ఆ కాగితంలోని షరతులు కనబడవు, సంతకమే కనబడుతుంది.

ఆడపిల్లల సంగతి ఇంకా భయపెడుతుంది. పెళ్ళయిన ఏడేళ్ళలోపు అసహజ మరణం జరిగితే వరకట్నం కోణంలో చూడమని చట్టం చెప్పిందంటే ఊరికే చెప్పలేదు. అత్తింట గొడవపడి మందు తాగిన కోడలు ఐసీయూలో ఉందనుకుందాం. ఆమె పద్దెనిమిదో ఏట పెట్టిన సంతకం ఎవరి బీరువాలో ఉంటుంది? దాన్ని డాక్టరు ముందుకు తెచ్చేదెవరు? నిర్బంధం కోరేవారు ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

పైగా ఇక్కడ చికిత్స ఆపే నిర్ణయాలు ఇప్పటికే జరిగిపోతున్నాయి. రోగి కోరిక కంటే డబ్బే వాటిని నిర్ణయిస్తోంది. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కుప్పకూలి, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాదిలో ఎకరానికి లక్షలు పోసిన కౌలురైతు ఐసీయూ బిల్లు ముందు నిలబడితే ఏమవుతుంది? ‘వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నాం’ అని సంతకం పెట్టి అంబులెన్స్ ఎక్కిస్తారు. ఇంటి గుమ్మంలో గొట్టం తీసేస్తారు. నొప్పి తగ్గించే మందు చుక్క కూడా ఉండదు. మార్ఫిన్ అందుబాటును సులువు చేస్తూ 2014లోనే మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు, అయినా ఆ వెసులుబాటు గుమ్మం దాకా రాలేదు. లివింగ్ విల్ లేకపోయినా కుటుంబం సమ్మతితో రెండు బోర్డుల ద్వారా ఆస్పత్రిలోనే గౌరవంగా సాగనంపే మార్గం సుప్రీంకోర్టు చూపించింది. ఆ సంగతి కుటుంబానికి చెప్పేవారు కావాలి.

కనుక నిర్బంధం పెట్టాల్సింది ఆస్పత్రుల మీద, ప్రభుత్వం మీద. అమెరికా 1990లో చేసిన చట్టం ఆస్పత్రిలో చేరిన ప్రతి వయోజనుడినీ ‘లివింగ్ విల్ వంటి ముందస్తు ఆదేశం రాశారా’ అని అడగమంటుంది, రాసుకునే హక్కుందని చెప్పమంటుంది. రాయమని మాత్రం ఒత్తిడి చేయదు. మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 కూడా మైనరు కాని ప్రతి వ్యక్తికీ ముందస్తు ఆదేశాన్ని హక్కుగానే ఇచ్చింది. హక్కును వాడుకోమని నెట్టినప్పుడు అది హక్కుగా మిగలదు.

పద్దెనిమిదేళ్ళవాళ్ళను అడగదగిన ప్రశ్న ఒకటుంది: నీకు మాట రాని రోజున నీ తరఫున ఎవరు మాట్లాడాలి? వెంటిలేటర్ గురించి, ఆహారపు గొట్టం గురించి ఆ వయసులో తెలియకపోవచ్చు. అక్కో, మేనమామో, తమను నిజంగా ఎరిగిన మనిషి ఎవరో మాత్రం తెలుసు. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తు ఇప్పటికే అవయవదానం గురించి అడుగుతోంది. దాని పక్కన ఈ ఒక్క గడి కూడా చేర్చాలి. ఇష్టమైతే నింపుతారు, లేదంటే వదిలేస్తారు, ఎప్పుడైనా మార్చుకుంటారు. ఇంకా ముందుకెళ్ళి పూర్తి విల్ రాస్తామనేవారికి ఇచ్చే తెలుగు నమూనాలో మొదటి వాక్యం ఇలా ఉండాలి: ప్రమాదమైనా, విషమైనా, కోలుకునే అవకాశం ఉన్న ఏ స్థితిలోనైనా నాకు పూర్తి చికిత్స చేయాలి. ఆ నమూనాతో పాటే మానసిక సాయం అందించే టెలీ మానస్ నంబరు 14416 కూడా వాళ్ళ చేతికి అందాలి.

విల్ ప్రతిని భద్రపరచడానికి స్థానిక సంస్థలో ఒక అధికారి ఉండాలని కోర్టు ఎప్పుడో చెప్పింది. మనకు ఊరూరా గ్రామ సచివాలయం ఉంది, ఆ బాధ్యత అక్కడ అప్పగించవచ్చు. రెండో బోర్డులో కూర్చునే వైద్యుణ్ణి జిల్లా వైద్యాధికారి నియమించాలి. కర్ణాటక ఆరోగ్యశాఖ 2025 జనవరి 30న ఉత్తర్వు ఇచ్చి సుప్రీంకోర్టు మార్గదర్శకాలను అమల్లోకి తెచ్చింది. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ఆ వైద్యుల జాబితాలు ప్రకటించి, ప్రతి పెద్దాసుపత్రి ఐసీయూ బయట ఫోన్ నంబరుతో సహా తెలుగులో అతికించడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఒక ఉత్తర్వు చాలు.