మీ సైట్లో ఓ ఉచిత ఫారం

వేసవిలో ఆవకాయ పెట్టి అమ్మే ఇల్లాలు సొంతంగా ఓ వెబ్‌సైటు పెట్టుకున్నారనుకోండి. ధరలున్నాయి, ఫొటోలున్నాయి. కానీ ‘రెండు కిలోలు కావాలి’ అని చెప్పడమెలా? ఈమెయిల్ ఐడీని పేజీలో పెడితే స్పామ్ పంపేవాళ్ల ప్రోగ్రాములు ఇట్టే ఏరుకుపోతాయి. అందుకే ఫారం.

అయితే ఒట్టి హెచ్‌టీఎంఎల్ పేజీలో గడులు గీసినంత మాత్రాన పని జరగదు. నింపిన వివరాల్ని అందుకునే సర్వర్ ఒకటి వెనక ఉండాలి. ఆ పని ఉచితంగా చేసిపెట్టే వాటిల్లో ఒకటి 2008లో వచ్చిన గూగుల్ ఫామ్స్. గూగుల్ ఖాతా ఉంటే చాలు. ప్రశ్నలు తెలుగులోనే టైపు చేసి, ఫారాన్ని పబ్లిష్ చేసి, ‘ఎంబెడ్ హెచ్‌టీఎంఎల్’ దగ్గరుండే కోడ్‌ని కాపీ చేసి పేజీలో అతికిస్తే సరి.

అసలు చిక్కు ఆ తర్వాతే. ఎవరైనా ఫారం నింపితే మీకు మెయిల్ దానంతటదే రాదు. జవాబులన్నీ ‘రెస్పాన్సెస్’లో చడీచప్పుడూ లేకుండా పోగవుతుంటాయి. అక్కడున్న మూడు చుక్కల్ని నొక్కి, ఈమెయిల్ నోటిఫికేషన్లు కావాలని ఎంచుకోవాలి. లేదంటే మామిడికాయల కాలం వెళ్లిపోయాక ఆర్డర్లు కనబడతాయి!

సెట్టింగ్స్‌లో ‘వ్యూ రిజల్ట్స్ సమ్మరీ’ని మాత్రం ఆఫ్‌లోనే ఉంచండి. ఆన్ చేస్తే, ఫారం నింపినవారికి మిగతావాళ్ల ఫోన్ నంబర్లూ చిరునామాలూ కనిపించే ప్రమాదముంది. పాస్‌వర్డులు, కార్డు నంబర్లు అసలే అడగొద్దు. ఆమాటకొస్తే ఆవకాయ కొనడానికి పుట్టినతేదీ మాత్రం ఎందుకు?

అంతా అయ్యాక, ఫోన్లోంచి మీరే ఓ ఆర్డరు పెట్టి మెయిల్ వస్తుందో లేదో చూసుకోండి.